ఉపాధి కోల్పోయిన వారికి ప్రభుత్వ శిక్షణ: పథకాల పూర్వాపరాలు

ఇంకా ఉద్యోగం దొరకని వారూ, ఉన్న ఉద్యోగం పోయిన వారూ గణాంకాలలో నిరుద్యోగులుగానే నమోదవుతారు. ప్రభుత్వ శిక్షణ విషయానికి వచ్చేసరికి మాత్రం ఈ ఇరువురి అవసరాలు వేరు. మొదటివారికి పని నేర్పవలసి ఉంటుంది. రెండవవారికి పని తెలుసు. వారికి తెలిసిన పనికి గిరాకీ లేకపోవడమే వారి సమస్య. మన దేశంలో ప్రభుత్వ వ్యయంతో నడిచే ఉపాధి శిక్షణ రెండవ వర్గం వారి కోసమే ప్రారంభమై, క్రమంగా మొదటి వర్గం వైపు మళ్లింది. ఈ మార్పు జరిగిన తీరును, పని పోయిన నడివయసు కార్మికునికి ఈ పథకాలలో ఉన్న చోటును పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసం వివరిస్తుంది.

యుద్ధానంతర ప్రారంభం

రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, 1945 జూలైలో, కేంద్ర ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్‌ను నెలకొల్పింది. సైన్యం నుంచి విడుదలైన జవానులకు, యుద్ధ సామగ్రి కర్మాగారాల నుంచి బయటికి వచ్చిన కార్మికులకు పౌర జీవితంలో పని చూపడం దాని బాధ్యత. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు, సాంకేతిక శిక్షణ కేంద్రాలు ఆ ప్రయోజనం కోసమే వెలిశాయి. దేశ విభజన తరువాత నిర్వాసితులై వచ్చిన వారికి కూడా ఇదే వ్యవస్థ ఆసరా అయింది. 1948లో ఎక్స్ఛేంజీల ద్వారాలు ఉద్యోగార్థులందరికీ తెరుచుకున్నాయి.

1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం ప్రారంభం కావడంతో వ్యవస్థ స్వభావం మారింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే నేటి ఐ.టి.ఐ.లు, ఈ పథకం కిందివే. 14 సంవత్సరాలు నిండిన బాలబాలికలకు వృత్తి నేర్పి పరిశ్రమలకు అందించడం వాటి ధ్యేయమైంది. 1956 నవంబరు 1 నుంచి ఎక్స్ఛేంజీల, ఐ.టి.ఐ.ల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినదీ అదే రోజున కావడం గమనార్హం. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం సైతం కొత్తగా పనిలో చేరేవారిని ఉద్దేశించినదే. పరిశ్రమలు విస్తరిస్తున్న రోజులవి. పని పోయిన కార్మికునికి మళ్లీ శిక్షణ ఇవ్వవలసి వస్తుందన్న ఆలోచనకు అప్పటి ప్రణాళికలలో పెద్దగా తావు లేకపోవడం సహజమే.

మిల్లులు మూతబడిన కాలం

ఆ అవసరం 1980లలో ముందుకు వచ్చింది. బట్టల మిల్లులు వరుసగా మూతబడుతున్న తరుణంలో కేంద్రం 1986 సెప్టెంబరులో జౌళి కార్మికుల పునరావాస నిధి పథకాన్ని ప్రవేశపెట్టింది. శాశ్వతంగా మూతబడిన మిల్లు కార్మికునికి మొదటి సంవత్సరం వేతనంలో 75 శాతం, రెండవ సంవత్సరం 50 శాతం, మూడవ సంవత్సరం 25 శాతం చొప్పున సహాయం అందించడం ఈ పథకం రూపం. మూడేళ్లలో మరో జీవనోపాధిలో స్థిరపడతాడన్న భావన దీనికి పునాది. ఆ స్థిరపాటుకు కావలసిన శిక్షణను మాత్రం పథకం తన భుజాన వేసుకోలేదు.

ఆర్థిక సంస్కరణల దరిమిలా 1992 ఫిబ్రవరిలో ఏర్పాటైన జాతీయ పునర్నవీకరణ నిధి ఈ లోటును పూడ్చేందుకు ఉద్దేశించినది. కార్మికునికి సలహా ఇవ్వడం, తిరిగి శిక్షణ ఇవ్వడం, మరో పనిలో నియమించడం అనే మూడంచెల ప్రక్రియ దాని లక్ష్యాలలో ప్రధానమైనది. ఆచరణలో నిధిలోని అత్యధిక భాగం ప్రభుత్వ రంగ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణ పరిహారం చెల్లింపులకే వెచ్చించబడింది. కార్మికుణ్ణి పంపడానికి డబ్బు దొరికింది, తిరిగి నిలబెట్టడానికి మిగిలింది స్వల్పం. 2000 జూలైలో ఈ నిధి రద్దయింది. దాని స్థానంలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల విభాగం 2001-02 నుంచి సలహా, పునఃశిక్షణ, పునర్నియామక పథకాన్ని చేపట్టి, స్వచ్ఛంద విరమణ తీసుకున్న వారికి స్వల్పకాలిక శిక్షణలు ఇప్పించింది. విరమణ పొందిన ఉద్యోగి శిక్షణకు ఆసక్తి చూపని పక్షంలో, అతనిపై ఆధారపడిన వారిలో ఒకరు ఆ అవకాశం పొందేలా ఈ పథకాన్ని తరువాత సడలించారు. యాభై దాటిన ఉద్యోగి తరగతి గదికి రాడనీ, వచ్చినా యజమానులు తీసుకోరనీ క్షేత్రస్థాయిలో తేలిన అనుభవమే ఈ సడలింపునకు మూలమని భావించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణలు అమలైనప్పుడు, బయటికి వచ్చిన ఉద్యోగుల కోసం సామాజిక భద్రతా కార్యక్రమం పేరిట సలహా, శిక్షణ ఏర్పాట్లు జరిగాయి.

పునఃశిక్షణ ఎందుకు కష్టమో తెలుసుకోవడానికి తెలంగాణలోని కాగజ్‌నగర్, కమలాపురం మంచి ఉదాహరణలు. కాగజ్‌నగర్‌లోని సిర్పూరు కాగితపు మిల్లులో 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. అదే సంవత్సరం నేటి ములుగు జిల్లా మంగపేట మండలంలోని కమలాపురం గుజ్జు కర్మాగారం కూడా ఆగిపోయింది. ఇరవై ఏళ్లు గుజ్జు వండిన కార్మికుని నైపుణ్యం తక్కువదేమీ కాదు. కొయ్య తేమను బట్టి రసాయనం పాళ్లు, ఆవిరి ఒత్తిడిని బట్టి ఉడికే సమయం చెప్పగల నేర్పు అది. ఆ నేర్పును కొనుక్కునే యజమాని మాత్రం చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. మిల్లు ఆగితే దానిపై ఆధారపడిన హోటలు, కిరాణా, లారీ, వర్క్‌షాపు అన్నీ కుదేలవుతాయి. అటువంటి ఊళ్లో అమ్మకాలలోనో, మరమ్మతులలోనో మూడు నెలల శిక్షణ ఇచ్చినంత మాత్రాన అక్కడ పని పుట్టదు. ఊరు విడిచి పోవడానికి పిల్లల చదువు, సొంత ఇల్లు, మిల్లు ఇవ్వవలసిన బకాయిలు అడ్డు వస్తాయి. మిల్లు ఎప్పటికైనా తెరుస్తారన్న ఆశ వీటన్నిటికంటే బలమైనది. సిర్పూరు మిల్లు విషయంలో ఆ ఆశ వృథా కాలేదు. దివాలా స్మృతి కింద జరిగిన ప్రక్రియ ద్వారా అది 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చి తిరిగి తెరుచుకుంది. శిక్షణకు పేరు ఇవ్వని కార్మికుణ్ణి ఆసక్తి లేనివాడని నివేదికలో రాసే ముందు ఈ లెక్కలన్నీ పరిగణించవలసి ఉంటుంది.

గ్రామీణ యువతకు ప్రాధాన్యం

పట్టణ కార్మికుని శిక్షణ ఇలా తడబడుతుండగా, గ్రామీణ యువతకు శిక్షణ వేరొక మార్గంలో సాగింది. 1979 ఆగస్టు 15న ప్రారంభమైన ట్రైసెం పథకం 18 నుంచి 35 ఏళ్ల వారికి స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చింది. అది 1999 ఏప్రిల్ 1న స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనమైంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలసి స్థాపించిన రుడ్‌సెటి శిక్షణ సంస్థ, బ్యాంకు అప్పును శిక్షణతో జోడించే పద్ధతికి ఒరవడి అయింది. అనంతపురంలోనూ ఆ సంస్థ కేంద్రం పనిచేసింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2009లో ఈ నమూనాను జిల్లాకొక గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థగా విస్తరింపజేసింది. జిల్లా లీడ్ బ్యాంకు దానిని నిర్వహిస్తుంది. వసతి, భోజనం ఉచితం. శిక్షణ కొద్ది వారాలే అయినా, ఆ తరువాత రెండేళ్ల పాటు అభ్యర్థి యోగక్షేమాలు కనుక్కోవడం ఈ సంస్థల ప్రత్యేకత.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ 2005లో ఏర్పాటు చేసిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ మరో అడుగు ముందుకు వేసింది. అధికార వర్గాలలో దానికి ఇ.జి.ఎం.ఎం. అన్న పొడి అక్షరాలతోనే గుర్తింపు. శిక్షణ ఇచ్చి ఉద్యోగం వెతకడానికి బదులు, ముందుగా యజమానుల వద్ద ఖాళీలు తెలుసుకుని వాటికి తగిన శిక్షణ ఇవ్వడం దాని సూత్రం. అర్హులను గుర్తించే పని గ్రామాలలోని మహిళా స్వయం సహాయక సంఘాల సమాఖ్యలకు అప్పగించారు. మండలానికి జాబ్ రిసోర్స్ పర్సన్ ఒకరు ఉండేవారు. ఏ ఇంట ఎవరు ఖాళీగా ఉన్నారో సంఘానికి తెలిసినంతగా కార్యాలయాలకు తెలియదు కదా. కొడుకును నగరానికి పంపడానికి జంకే తల్లికి నచ్చజెప్పగలిగిందీ ఆ సంఘ సభ్యులే. మిషన్ పద్ధతులలో పలు అంశాలు తరువాతి జాతీయ పథకాలలో కనిపిస్తాయి.

2014 సెప్టెంబరు 25న ప్రకటించిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వాటిలో ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఇ.జి.ఎం.ఎం. దీనిని అమలు చేశాయి. శిక్షణ పొందిన వారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్న షరతును ఈ పథకం శిక్షణ సంస్థలకు విధించింది. వయోపరిమితి 15 నుంచి 35 ఏళ్లు. మహిళలకు, వికలాంగులకు, వెట్టిచాకిరి నుంచి విముక్తులైన వారికి, ఆదిమ గిరిజన తెగల వారికి 45 ఏళ్ల వరకు సడలింపు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటి అద్దెకు, తిండికి ఇబ్బంది పడకుండా నెలకు రూ.1,000 చొప్పున సహాయం ఇవ్వాలని, సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలో మరోచోట అయితే 3 నెలలు, రాష్ట్రం వెలుపల అయితే 6 నెలలు చెల్లించాలని తొలి మార్గదర్శకాలు పేర్కొన్నాయి. దూరం పోయిన వాడు ముందుగా వెనక్కి వస్తాడన్న వాస్తవాన్ని గుర్తించిన నిబంధన ఇది.

వయసు రీత్యా చూస్తే లోటు స్పష్టం. 2015 జూలై 15న ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నాల్గవ దశ మార్గదర్శకాలలో స్వల్పకాలిక శిక్షణకు 15-45 ఏళ్లు, పూర్వ నైపుణ్య గుర్తింపునకు 18-59 ఏళ్లు పరిమితిగా నిర్ణయించారు. అంటే 46 ఏళ్ల వయసులో పని పోయిన వ్యక్తికి ఈ పథకం కింద తెలిసిన పనికి గుర్తింపు దొరుకుతుంది, కొత్త పని నేర్చుకునే స్వల్పకాలిక శిక్షణ దొరకదు. విరామం తరువాత తిరిగి పనిలోకి రాదలచిన వారినే ఉద్దేశించిన పథకాలు అరుదు. కుటుంబ బాధ్యతల వల్ల వృత్తికి దూరమైన మహిళా శాస్త్రవేత్తల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో ప్రారంభించిన పథకం అటువంటి వాటిలో ఒకటి. పేటెంటు వ్యవహారాలలో ఏడాది శిక్షణ అందులో భాగంగా ఉండేది. ఉన్నత విద్యావంతులైన కొద్దిమందికి అది ఉపకరించింది. చిన్నపిల్లల తల్లి అయిన సామాన్య మహిళకు మాత్రం మూడు నెలల వసతి శిక్షణ ఎంత ఉచితమైనా అందని పండే.

శిక్షణ కాలంలో ఇల్లు గడవడం

శిక్షణకు రుసుము లేకపోవడం ఒకటి, శిక్షణకు వెళ్లగలగడం మరొకటి. ఇరవై ఏళ్ల యువకుడు మూడు నెలలు హాస్టల్‌లో ఉంటే ఇంట్లో ఒక పూట ఖర్చు తగ్గుతుంది. నలభై ఏళ్ల కుటుంబ పెద్ద మూడు నెలలు తరగతిలో కూర్చుంటే ఇంటికి వచ్చే మూడు నెలల కూలి ఆగిపోతుంది. ఉచిత శిక్షణకు కూడా అతను చెల్లించే ధర ఉందన్నమాట.

ఈ అంశాన్ని కొంతవరకు పట్టించుకున్న ఏర్పాట్లలో కార్మిక రాజ్య బీమా సంస్థది ఒకటి. 2005 ఏప్రిల్ 1 నుంచి అమలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద, కర్మాగారం మూసివేత, రిట్రెంచ్‌మెంట్ వంటి కారణాలతో పని పోయిన బీమా కార్మికునికి వేతనంలో సగం భృతిగా ఇవ్వసాగారు. మొదట 6 నెలలుగా ఉన్న గడువును తరువాత పెంచారు. భృతి పొందేవారికి వృత్తి శిక్షణ రుసుము, ప్రయాణ ఖర్చు భరించే సదుపాయం కూడా ఇందులో చేర్చారు. భృతి, శిక్షణ ఒకే గూటికి చేరిన సందర్భం కనుక ఇది ప్రత్యేకించి చెప్పుకోదగినది. 2018 జూలై 1 నుంచి ప్రయోగాత్మకంగా వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 90 రోజుల వరకు వేతనంలో 25 శాతం చెల్లించింది. కోవిడ్ నేపథ్యంలో 2020లో దానిని 50 శాతానికి పెంచారు. ఇవి రెండూ ఇ.ఎస్.ఐ. చందాదారులకే పరిమితం. భవన నిర్మాణ కూలీ, ఇంటి పనివారు, చిల్లర దుకాణంలో గుమాస్తా సాధారణంగా ఈ పరిధిలోకి రారు.

గ్రామాలకు సంబంధించి 2019 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన ఉన్నతి ప్రాజెక్టు ఇదే సమస్యకు సూటిగా సమాధానం చెప్పజూసింది. ఉపాధి హామీ పథకం కింద 100 రోజులు పూర్తి చేసిన కుటుంబంలో 18-45 ఏళ్ల వ్యక్తి ఒకరు శిక్షణకు వెళ్తే, గరిష్ఠంగా 100 రోజులకు ఉపాధి హామీ కూలి రేటుతో సమానమైన భృతి చెల్లించాలన్నది దాని నిబంధన. శిక్షణలో గడిపిన రోజును పని దినంగా లెక్కించడమే ఇందులోని కొత్తదనం.

అనుభవానికి ధ్రువపత్రం

చాలామందికి అవసరమైనది కొత్త విద్య కాదు, ఉన్న విద్యకు కాగితం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన వారిలో ఎందరో అక్కడ షట్టరింగ్, పైపు ఫిట్టింగ్, విద్యుత్ పనులు ఏళ్ల తరబడి చేసినవారే. తిరిగి వచ్చాక వారి చేతిలో పాస్‌పోర్టు తప్ప అనుభవాన్ని రుజువు చేసే పత్రం ఉండదు. పూర్వ నైపుణ్య గుర్తింపు విధానం ఇటువంటి వారికి ఉద్దేశించినది. కొద్ది గంటల అవగాహన, తదుపరి పరీక్ష, ఉత్తీర్ణులైతే ధ్రువపత్రం ఇందులోని దశలు. 2020లో విమానాలు నడిపి విదేశాల నుంచి వేలాది కార్మికులను రప్పించిన సమయంలో, జూన్ 3న స్వదేశ్ పేరిట వారి నైపుణ్యాల నమోదు కూడా ప్రారంభించారు. పత్రం ఒక్కటే వేతనం పెంచదు. టెండరు నిబంధనలలో ధ్రువపత్రం ఉన్న మేస్త్రీలను పెట్టాలన్న షరతు ఉన్నప్పుడు కాంట్రాక్టరు దానికి విలువ ఇస్తాడు, లేకుంటే పని చూసి కూలి నిర్ణయిస్తాడు.

అంకెలను చదవవలసిన తీరు

శిక్షణ పథకాలపై వెలువడే ప్రకటనలలో నాలుగు అంకెలు కలగలిసి కనిపించడం తరచు జరుగుతుంది. శిక్షణలో చేరినవారు, పూర్తి చేసి ధ్రువపత్రం పొందినవారు, ఉద్యోగంలో నియమితులైనవారు, ఆ ఉద్యోగంలో కొనసాగుతున్నవారు అన్నవి నాలుగు వేర్వేరు లెక్కలు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. నియామకం అన్న మాటకు కూడా పథకాన్ని బట్టి అర్థం మారుతుంది. గ్రామీణ కౌశల్య యోజన తొలి మార్గదర్శకాల ప్రకారం నెలకు కనీసం రూ.6,000 వేతనంతో మూడు నెలలు పనిచేస్తేనే నియామకంగా పరిగణిస్తారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండవ దశలో శిక్షణ కేంద్రాలకు చెల్లింపు 30, 50, 20 శాతం చొప్పున మూడు విడతలుగా ఉండి, చివరి 20 శాతం నియామకాలతో ముడిపడి ఉండేది. నాల్గవ దశకు వచ్చేసరికి అభ్యర్థి తన దారిని తాను ఎంచుకోవాలన్న ఉద్దేశంతో నియామకాల లెక్కను పథకం నుంచి విడదీశారు. అందువల్ల మొదటి మూడు దశల నియామక శాతాలను నాల్గవ దశతో పోల్చి రాయడం సరికాదు.

ఎంతకాలం తరువాత లెక్క తీయాలన్నది మరింత కీలకం. డేవిడ్ కార్డ్, యోఖెన్ క్లూవ్, ఆండ్రియా వెబర్ అనే ఆర్థికవేత్తలు వివిధ దేశాలలో జరిగిన 200కు పైగా మూల్యాంకనాలను క్రోడీకరించి 2018లో ప్రచురించిన అధ్యయనం, ఇటువంటి కార్యక్రమాల ఫలితం ఏడాదిలోపు సగటున దాదాపు శూన్యమనీ, రెండు మూడేళ్లకు స్పష్టంగా బయటపడుతుందనీ తేల్చింది. దీర్ఘకాలంగా పని లేనివారిలో, మహిళలలో ప్రయోజనం ఎక్కువగా కనిపించింది. శిక్షణలో ఉన్న నెలల్లో మనిషి పని వెతకడు కనుక తొలి ఫలితం తక్కువగా ఉండడంలో వింత లేదు. మూడు నెలల నియామక లెక్కతో ఒక కేంద్రాన్ని మెచ్చుకోవడం గాని, మూసివేయడం గాని తొందరపాటు అవుతుంది. జిల్లా స్థాయిలో ఏటా కొన్ని పాత బ్యాచ్‌లను ఎంపిక చేసి, రెండేళ్ల తరువాత ఇంటింటికీ వెళ్లి విచారిస్తే అయ్యే ఖర్చు శిక్షణ వ్యయంలో అతి స్వల్పం. గ్రామ సమాఖ్యలు ఉన్నచోట అది మరీ సులభం.

పునర్నైపుణ్య నిధి

పని పోయిన కార్మికుని శిక్షణ ప్రస్తావన చట్టంలోకి రావడం పారిశ్రామిక సంబంధాల స్మృతి-2020తో జరిగింది. ఈ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం యజమాని రిట్రెంచ్ చేసిన ప్రతి కార్మికునికీ అతని చివరి వేతనం ప్రకారం 15 రోజుల మొత్తాన్ని శ్రామిక పునర్నైపుణ్య నిధికి జమ చేయాలి. రిట్రెంచ్‌మెంట్ జరిగిన 45 రోజులలోగా ఆ సొమ్ము కార్మికుని ఖాతాకు చేరాలి. ఇది రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి అదనం. నిర్ణీత కాల ఒప్పందం గడువు తీరి బయటికి వచ్చిన వారు రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలోకి రారు కనుక ఈ చెల్లింపు వారికి వర్తించదు.

నిధి పేరులో నైపుణ్యం ఉన్నా, సొమ్ము శిక్షణకే వాడాలన్న షరతు చట్టంలో లేదు. కార్మికుడు దానిని శిక్షణకు వెచ్చించవచ్చు, కిరాణా బాకీ తీర్చుకోనూవచ్చు. 15 రోజుల వేతనం మూడు నెలల శిక్షణ కాలంలో ఆరవ వంతుకు మాత్రమే సరిపోతుందన్నది లెక్క చెప్పే మాట. కార్మికుని ఖాతాలో సొమ్ము జమ అయ్యే ఆ 45 రోజుల వ్యవధిలోనే అతని వివరాలను కార్మిక శాఖ జిల్లా ఉపాధి కార్యాలయానికి, లీడ్ బ్యాంకు శిక్షణ సంస్థకు పంపగలిగితే, పని పోయిన వ్యక్తి పేరు శిక్షణ ఇచ్చేవారికి తెలియడానికి ఇంకో దరఖాస్తు అవసరం ఉండదు. సొమ్ము జమ చేసే విధానాన్ని నియమాల ద్వారా నిర్దేశించే వీలును స్మృతి ప్రభుత్వాలకు కల్పించింది.